ఏ అతుకుకు ఏ జిగురు?

పిల్లలూ! మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో కొన్ని చెక్కపెట్టెలు ఉండే ఉంటాయి. వాటి మీద తెల్ల రంగుతో నాన్నగారి పేరో, అమ్మగారి పేరో రాసి ఉంటుంది. దాని కింద ఒక ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు, అదీ కొట్టేసి మరో ఊరి పేరు కనిపిస్తాయి. బదిలీ అయిన ప్రతిసారీ సామాన్లతో పాటు ఆ పెట్టెలూ ప్రయాణం చేస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు ఓ పెట్టె విరిగిపోతుంది. అప్పుడు దాని చెక్కల్ని ఏం చేస్తాం? చలిమంటలో వేస్తాం, లేదా గోడవారగా పడేస్తాం.

కొన్నేళ్ళ క్రితం మేము మధ్యప్రదేశ్‌లోని ఒక చిన్న ఊళ్ళో పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతి తెలుగు పిల్లలకు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళు పన్నెండు మంది. విరిగిన పెట్టెల నుంచి ఒక్కొక్కరు ఒక్కో చెక్కముక్క తెచ్చి, అన్నిటినీ కలిపి అతికించి, లేత్ మీద ఒక గిన్నెగా తిప్పించాలని అనుకున్నారు. గిన్నెను గ్రంథాలయంలో బల్ల మీద పెన్సిళ్ళ కోసం పెట్టాలి. ఒకరి ముక్క అస్సాం నుంచి, ఒకరిది గుజరాత్ నుంచి, ఒకరిది సికింద్రాబాద్ నుంచి వచ్చింది. కొన్ని మామిడి చెక్కలు, కొన్ని పైన్ చెక్కలు. రెండు మాత్రం టేకు.

ఆ గిన్నె తయారీలో మేము నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. ముందుగా పొరపాటు గురించి చెబుతాం. ఆ పొరపాటు వల్లే మిగిలినదంతా తెలిసింది.

మొదటి దిమ్మ

ఆ ఊళ్ళో బడికి దగ్గరగా ఒక వడ్రంగి దుకాణం ఉండేది. మంచం కోళ్ళు, ఉయ్యాల గొలుసులకు పట్టే చెక్క పిడులు, అప్పడాల కర్రలు తిప్పే పెద్దాయన అక్కడ ఉండేవారు. పిల్లలు ఆయన్ను చాచా అని పిలిచేవారు. హిందీలో లేత్‌ను ఖరాద్ అంటారు. పాత తెలుగులో తరిమెన అనేవారు. చెక్కను రెండు కొనల మధ్యనో, ఒక పళ్ళేనికి బిగించో గిరగిరా తిప్పుతూ, కదలని ఉలిని దానికి ఆనించి గుండ్రంగా చెక్కడమే తరిమెన పట్టడం. మామూలు చెక్కుడు పనిలో చెక్క కదలదు, ఉలి కదులుతుంది. ఇక్కడ అది తిరగబడుతుంది.

పన్నెండు ముక్కల్నీ 21 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పుకు కోయించాం. ఒక్కొక్కటి 1.7 సెంటీమీటర్ల మందం. పుస్తకాల్ని అలమరలో నిలబెట్టినట్టు పక్కపక్కన నిలబెట్టి అతికిస్తే 20 సెంటీమీటర్లు దాటిన చదరపు దిమ్మ తయారవుతుంది. దాన్ని గుండ్రంగా తిప్పితే గిన్నె. ఇంతవరకూ లెక్క బాగానే ఉంది.

అంతలో ఒక అమ్మాయి వాళ్ళ నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. ఆదివారం సామాన్ల లారీ బయల్దేరుతుంది. ఆ రోజు గురువారం. గిన్నె చూడకుండా వెళ్ళనని ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. ఆ మొహం చూసి మేము తొందరపడ్డాం. బజారుకు వెళ్ళి, క్షణాల్లో అతుక్కునే జిగురు చిన్న గొట్టాలు పది కొన్నాం. రంపంతో కోసిన ముక్కల్ని చిత్రిక కూడా పట్టకుండా ఆ సాయంత్రమే అతికించేశాం. చేత్తో లాగి చూస్తే రాయిలా ఉంది. శనివారం పొద్దున్నే దిమ్మ తీసుకుని చాచా దగ్గరకు వెళ్ళాం. ఏ జిగురు వాడామో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఆయన దిమ్మను లేత్‌కు బిగించి, పిల్లలందరినీ పక్కకు జరిపారు. “చెక్క తిరిగే గీతలో ఎవరూ నిలబడకూడదు” అన్నారు. ముఖానికి తొడుగు పెట్టుకున్నారు. మర తిరిగింది. ఉలి తాకిన నాలుగైదు క్షణాలకే చటుక్కున చప్పుడు. దిమ్మ అంచునున్న ముక్క ఊడి ఎదురుగా ఉన్న రేకు తలుపును తాకింది. రేకు సొట్ట పడింది. ఆ గీతలో ఎవరైనా ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవడానికి భయమేస్తుంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది ఆయన ముందుజాగ్రత్త వల్ల. తప్పు మాత్రం పూర్తిగా మాది.

విరిగిన ముక్క చెప్పిన సంగతి

చాచా కోప్పడలేదు. ఊడిన ముక్కను ఎత్తి వెలుతురులో పెట్టి పిల్లలకు చూపించారు. అతుకు పడిన ముఖం మీద రంపపు గీతలు అలాగే ఉన్నాయి. ఆ గీతల గట్ల మీద మాత్రం జిగురు గాజులా మెరుస్తోంది. గుంటల్లో ఏమీ లేదు. ఒక్క చెక్క నార కూడా తెగలేదు.

“చూడండి మేడమ్‌జీ, మంచి అతుకు విరిగితే చెక్క చిరుగుతుంది. చెడ్డ అతుకు విరిగితే జిగురు వదిలేస్తుంది” అన్నారాయన.

ఇది గుర్తుపెట్టుకోదగ్గ పరీక్ష. రెండు పనికిరాని ముక్కల్ని అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, సుత్తితో విరగ్గొట్టండి. విరిగిన చోట రెండో ముక్క నారలు అంటుకుని వస్తే ఆ జిగురు ఆ చెక్కకు సరిపోయినట్టు. నున్నగా ఊడివస్తే సరిపోనట్టు.

లేత్ మీద అతుకు ఏం భరిస్తుంది?

గోడకు అతికించిన కాగితం ఊరికే ఉంటుంది. లేత్ మీద చెక్క అలా ఉండదు. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం.

చాచా మొదట మరను నిమిషానికి సుమారు 600 చుట్లు తిప్పారు. అంటే సెకనుకు 10 చుట్లు. చదరపు దిమ్మకు నాలుగు మూలలు. ప్రతి చుట్టులో నాలుగు మూలలూ ఉలికి తగులుతాయి. కాబట్టి సెకనుకు 40 దెబ్బలు. మూలలు పోయి గుండ్రం వచ్చేదాకా అతుకులు ఈ దెబ్బలు తింటూనే ఉండాలి.

గుండ్రమయ్యాక వేగం పెంచుతారు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 10.5 మీటర్లు, అంటే గంటకు దాదాపు 38 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఊళ్ళో వెళ్ళే స్కూటర్ వేగం అది. ఆ అంచున 50 గ్రాముల ముక్క ఉందనుకోండి. సుమారు ఐదున్నర కిలోల బరువు వేలాడదీస్తే ఎంత లాగుతుందో అది అంత గట్టిగా బయటికి లాగుతుంది. వేగం రెండింతలైతే ఈ లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. తొమ్మిదో తరగతి పైవాళ్ళు భౌతికశాస్త్రం మాస్టారిని అడిగి ఈ లెక్క సరిచూడండి.

నిజానికి మంచి అతుకుకు ఐదున్నర కిలోలు పెద్ద బరువేం కాదు. అతుకును విడగొట్టేది నిలకడైన లాగుడు కంటే ఎక్కువగా దెబ్బ. ఉలి ఒక్కసారి చెక్కలో తగులుకుంటే ఆ కుదుపంతా అతుకు మీదే పడుతుంది. పైగా గరుకు కాగితంతో రుద్దేటప్పుడు వేడి పుడుతుంది. అంటే లేత్ పనికి కావలసిన జిగురు గట్టిగా ఉంటే చాలదు. దెబ్బకు పగలకూడదు, వేడికి మెత్తబడకూడదు, అతుకు పొడవునా సమానంగా పట్టాలి.

కాబట్టి “అన్నిటికంటే గట్టి జిగురు ఏది?” అని అడగడం సరైన ప్రశ్న కాదు. “ఈ అతుకు ఏం భరించాలి?” అని అడగాలి.

జిగురు కంటే ముందు చెక్క

జిగురు ఎంత మంచిదైనా, చెక్క సిద్ధంగా లేకపోతే వృథా. నాలుగు సంగతులు చూడాలి.

ఒకటి, ముఖం చదునుగా ఉండాలి. రెండు ముక్కల్ని జత చేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుగు కనిపిస్తే ఇంకా చిత్రిక పట్టాలి. చాలా జిగుర్లు సన్నని పొరగా ఉన్నప్పుడే గట్టిగా పట్టుకుంటాయి. సందు నింపడం వాటి పని కాదు.

రెండు, చెక్క ఆరి ఉండాలి. పచ్చి చెక్క ఆరుతూ కుంచించుకుపోతుంది. అతుకును కూడా తనతో లాగుతుంది.

మూడు, ముఖం తాజాగా ఉండాలి. టేకులాంటి నూనె చెక్కల్లో నూనె మెల్లగా పైకి వస్తుంది. అందుకే చిత్రిక పట్టిన రోజే అతికించాలి. దుమ్ము, చేతి చెమట, పాత రంగు ఏవీ ఉండకూడదు. మా పెట్టెల చెక్కల మీద ఊళ్ళ పేర్లు రాసిన రంగు ఉంది. దాన్ని చెక్కేస్తుంటే పిల్లలకు బాధేసింది. కానీ రంగు మీద జిగురు పెడితే జిగురు రంగును పట్టుకుంటుంది తప్ప చెక్కను పట్టుకోదు.

నాలుగు, నార దిక్కు. చెక్క నారలు సన్నని గొట్టాల కట్ట లాంటివి. పక్కకు పక్క ఆనిస్తే జిగురు బాగా పడుతుంది. అడ్డంగా కోసిన కొనలు ఎదురెదురుగా ఆనిస్తే గొట్టాలు జిగురును తాగేస్తాయి, అతుకులో ఏమీ మిగలదు. అందుకే కొనకు కొన పెట్టి అతికించడం ఎప్పుడూ బలహీనమే.

నాలుగు జిగుర్లు, ఒక ప్రయోగం

ఆదివారం ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మిగిలిన పదకొండు మందితో సోమవారం ఒక ప్రయోగం మొదలుపెట్టాం. పనికిరాని ముక్కల్ని నాలుగు రకాల జిగుర్లతో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, కొన్నింటిని సుత్తితో కొట్టాం, కొన్నింటిని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాం.

మొదటిది మైదా ఉడికించిన బంక. ఇంట్లో గాలిపటాలకు అన్నం మెతుకులు వాడతాం కదా, అదే జాతి. కాగితానికి బాగుంటుంది. చెక్క మీద చిన్న దెబ్బకే ఊడింది. నీళ్ళలో అయితే పూర్తిగా కరిగిపోయింది.

రెండోది మేము తొందరపడి వాడిన క్షణాల జిగురు. దీని వెనక చిన్న కథ ఉంది. 1942లో అమెరికాలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తుపాకుల గురిచూసే అద్దాలకు పనికొచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ ఈ పదార్థాన్ని చూశారు. అన్నిటికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు. కొన్నేళ్ళ తర్వాత ఆ అంటుకునే గుణమే దాని విలువ అని గుర్తించారు. 1958లో అది అంగడికి వచ్చింది. గాలిలో, వస్తువు మీద ఉండే కొద్దిపాటి తేమ తగలగానే ఇది గట్టిపడుతుంది. కానీ గాజులా పెళుసు. నెమ్మదిగా లాగితే నిలుస్తుంది, దెబ్బ కొడితే పగులుతుంది. మా సుత్తి పరీక్షలో ఒక్క దెబ్బకే ఊడింది. మరి లేత్ పనికి అసలు పనికిరాదా? వస్తుంది. చెక్కలో వెంట్రుకంత పగులు కనిపిస్తే అందులోకి దించి ఆపడానికి ఇది మంచిది. చిన్న పని దానిది. పెద్ద పని దాని మీద వేసింది మేము.

ఒక హెచ్చరిక. ఈ జిగురు వేళ్ళను కూడా క్షణంలో అతికిస్తుంది. బలవంతంగా లాగకండి. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. దూది మీదా, నూలు బట్ట మీదా పోయకండి, ఒక్కసారిగా వేడెక్కి కాలుతుంది. కంట్లో పడితే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మూడోది వడ్రంగులందరూ వాడే తెల్ల జిగురు. మీ బడిలో క్రాఫ్ట్ పనికి వాడే డబ్బా కూడా ఈ కుటుంబానిదే. ఇందులో పాలీవినైల్ ఎసిటేట్ అనే పదార్థం సన్నని బొట్లుగా నీళ్ళలో తేలుతూ ఉంటుంది. చెక్క ఆ నీటిని పీల్చుకుంటుంది. బొట్లు ఒకదానికొకటి దగ్గరై కలిసిపోయి పొరగా మారతాయి. కాబట్టి నీరు వెళ్ళడానికి సమయం ఇవ్వాలి, ముక్కలు కదలకుండా బిగించాలి. ఇది కొద్దిగా సాగే గుణమున్న జిగురు. అందుకే దెబ్బను ఓర్చుకుంటుంది. మా పరీక్షలో చెక్క చిరిగింది, అతుకు నిలిచింది. కానీ రాత్రంతా నీళ్ళలో నానిన ముక్కలో జిగురు పాలలా తెల్లబడి, చేత్తో లాగితే ఊడివచ్చింది. నీటిని తట్టుకునే రకాలు వేరుగా అమ్ముతారు, డబ్బా మీద చూసి కొనాలి. చలి ప్రదేశాల్లో ఉన్న పిల్లలకు ఇంకో మాట. సుమారు 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్న గదిలో మామూలు తెల్ల జిగురు సరిగా పొర కట్టదు. సుద్దలా పొడిగా ఆరి బలహీనమవుతుంది. సిమ్లాలోనో, షిల్లాంగ్‌లోనో చలికాలంలో పనిచేస్తే గదిని, చెక్కను, డబ్బాను ముందు వెచ్చబరచాలి.

నాలుగోది రెండు గొట్టాల్లో వచ్చే ఎపాక్సీ. ఒక దాంట్లో రెసిన్, ఇంకో దాంట్లో గట్టిపరిచేది. రెండూ కలిపినప్పుడే రసాయన చర్య మొదలవుతుంది. నీరు ఆరే పని లేదు. అందువల్ల కుంచించుకుపోదు, చిన్న సందుల్నీ నింపుతుంది, నూనె చెక్కనూ పట్టుకుంటుంది. నీళ్ళలో నానినా మా ముక్క ఊడలేదు. సుత్తి పరీక్షలోనూ చెక్కే చిరిగింది. అయితే ఖరీదు ఎక్కువ, పాళ్ళు తప్పితే ఎప్పటికీ జిడ్డుగానే ఉండిపోతుంది, చర్మానికి మంచిది కాదు కాబట్టి చేతి తొడుగులు కావాలి. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకు ఎండిపోతుంది.

వడ్రంగి పాతకాలం జిగురు ఇంకొకటుంది. జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే సరేసు. హిందీలో సరేష్ అంటారు. వేడి నీళ్ళలో కరిగించి వాడతారు. మళ్ళీ వేడి, తేమ తగిలితే విడివడుతుంది. అది లోపంలా కనిపిస్తుంది కానీ, వయొలిన్‌లాంటి వాద్యాలు చేసేవాళ్ళకు అదే వరం. ఎప్పుడైనా విప్పి బాగుచేయాలంటే చెక్క పాడవకుండా విప్పవచ్చు.

మన బొమ్మలు ఏం చెబుతాయి?

ఈ విషయంలో మన తెలుగు నేల మీదే రెండు మంచి ఉదాహరణలున్నాయి.

కృష్ణా తీరాన కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. తేలికైన, మెత్తని చెక్క. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద ఆ అతుకుల్ని పట్టి ఉంచుతుంది, సందుల్నీ నింపుతుంది. చింతగింజల జిగురు లేత్ దెబ్బకు ఆగుతుందా? ఆగదు. కానీ ఆ బొమ్మ లేత్ ఎక్కదు. అలమరలో కొలువుతీరుతుంది. దానికి అదే సరైన జిగురు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు లేత్ మీద తిప్పినవి. చెక్క అంకుడు కర్ర. అక్కడి పనివాళ్ళు ఒక్కో భాగాన్నీ ఒకే ముక్క నుంచి తిప్పుతారు. తిరిగే చెక్కకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగుగా పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. బెంగళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో ఉన్న చెన్నపట్నం బొమ్మలదీ ఇదే పద్ధతి, ఇదే చెట్టు. కన్నడంలో దాన్ని ఆలె మర అంటారు. కర్ణాటకలో చదువుతున్న పిల్లలు తప్పక వెళ్ళి చూడండి.

బొబ్బిలి వీణ కూడా ఒకే పనస దుంగలోంచి తొలిచి చేస్తారు. అతుకు లేకపోతే అతుకు విడిపోయే భయమే లేదు. కాబట్టి జిగురు ఎంచుకునే ముందు “ఇక్కడ అతుకు అవసరమా?” అని కూడా అడగాలి. మా గిన్నెకు మాత్రం అవసరమే. పన్నెండు ఇళ్ళ చెక్క ఒకే దుంగలో దొరకదు కదా!

రెండో దిమ్మ

ప్రయోగం చూశాక పిల్లలే నిర్ణయించారు. గిన్నెలో పెన్సిళ్ళు తప్ప నీళ్ళు పోయం. కాబట్టి నీటి భయం లేదు. దెబ్బలు తట్టుకోవాలి. చౌకగా దొరకాలి. తెల్ల జిగురు చాలు. రెండు టేకు ముక్కల్ని మాత్రం అతికించడానికి కాసేపటి ముందు మళ్ళీ చిత్రిక పట్టాలి.

ఈసారి ముక్కలన్నిటినీ చాచా చిత్రిక పట్టి ఇచ్చారు. వెళ్ళిపోయిన అమ్మాయి మామిడి ముక్కే మొదటిసారి ఊడి రేకుకు తగిలింది. మూల కొంచెం విరిగింది. దాన్ని పారేద్దామా అని అడిగితే పదకొండు మందీ ఒప్పుకోలేదు. దిమ్మ నడిమధ్యలో పెట్టారు, గిన్నె తొలిచేటప్పుడు ఆ విరిగిన మూల ఎలాగూ పోతుంది.

నారలన్నీ ఒకే దిక్కుకు ఉండేలా ముక్కల్ని పేర్చాం. ప్రతి ముఖానికీ పలచగా జిగురు రాసి, జత చేసి కాస్త అటూ ఇటూ రుద్ది, హిందీలో శికంజా అనే బిగింపు పట్టీలతో బిగించాం. అతుకు పొడవునా జిగురు చిన్న ముత్యాల వరసలా బయటికి రావాలి. ఎక్కడా రాకపోతే జిగురు చాలనట్టు. ధారగా కారితే ఎక్కువైనట్టు. ఒక రాత్రి బిగింపులోనే ఉంచాం. పట్టీలు తీశాక కూడా మరో రెండు రోజులు ఆగాం. ఎందుకంటే జిగురులోని నీటికి అతుకు దగ్గర చెక్క కొద్దిగా ఉబ్బుతుంది. అప్పుడే తిప్పి నున్నగా చేసేస్తే, తర్వాత ఆ ఉబ్బు దిగి అతుకు వెంట సన్నని గాడి పడుతుంది.

ఆ రెండు రోజులు పిల్లలకు చాలా కష్టమయ్యాయి. మాకూ అంతే. కానీ ఎదురుచూడడం కూడా జిగురులో ఒక పాలే అని అప్పుడు అర్థమైంది.

తర్వాత దిమ్మను తీసుకెళ్ళి, ముందుగా ఏ జిగురు వాడామో, ఎప్పుడు అతికించామో చాచాకు చెప్పాం. ఆయన తల ఊపి, దిమ్మను గోటితో తట్టి విని, లేత్‌కు బిగించారు. మూలలు పోయాయి, గుండ్రం వచ్చింది, లోపల తొలిచారు. పదకొండు అతుకుల్లో ఒక్కటీ కదల్లేదు. గిన్నె మీద పన్నెండు చారలు వచ్చాయి. పసుపు, గోధుమ, ఎర్రమట్టి రంగులు. ఏ చార ఎవరిదో ఎవరికి వాళ్ళకు తెలుసు.

విశాఖ నుంచి ఉత్తరం

మిగిలిన చెక్కతో చాచా ఒక బొంగరం తిప్పి ఇచ్చారు. దాన్ని విశాఖపట్నం పంపాం. రెండు నెలలకు ఆ అమ్మాయి ఉత్తరం రాసింది. అప్పటికి వానలు మొదలయ్యాయి. “బొంగరం బాగా తిరుగుతోంది మేడమ్. కానీ అతుకుల దగ్గర వేలుతో తడిమితే గట్లలా తగులుతోంది. విడిపోతుందేమోనని ఆడుకోకుండా దాచిపెట్టాను” అని.

మేము జవాబు రాశాం. భయపడకమ్మా. చెక్క చచ్చిపోయినా గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. ఇక్కడి ఎండకాలపు పొడి గాలిలో అది కుంచించుకుని ఉండేది. సముద్రపు గాలికి ఉబ్బింది. నార వెంబడి దాదాపు పెరగదు, నారకు అడ్డంగానే పెరుగుతుంది. మామిడి ఒకలా, పైన్ ఒకలా పెరుగుతాయి కాబట్టి అతుకు దగ్గర గట్టు తగులుతుంది. నారలన్నీ ఒకే దిక్కుకు పెట్టాం కాబట్టి కొట్లాడుకోవు. తెల్ల జిగురుకు కొద్దిగా సాగే గుణం ఉంది, సర్దుకుంటుంది. దాచిపెట్టకు, తిప్పు.

వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోవడం చూశారు కదా? కొత్త ఊరికి వెళ్ళాక బీరువా సొరుగు పట్టేయడం చూశారు కదా? అదీ ఇదే.

మాటల మూట

అతుకు: కలిపిన చోటు. అతుక్కోవడం: తనంతట తాను పట్టుకోవడం. అతికించడం: మనం పట్టించడం. సరిగ్గా కుదిరిన దాన్ని “అతికినట్టు సరిపోయింది” అంటాం. పొంతన లేని మాటల్ని “అతికీ అతకని మాటలు” అంటాం.

బంక, జిగురు: చెట్టు కార్చేది బంక, ఉదాహరణకు తుమ్మ బంక. అంటుకునే గుణానికీ, అంటించే పదార్థానికీ జిగురు అంటాం. వాడుకలో రెండూ కలిసిపోయాయి.

సంధి: కలయిక. రాముడు, అతడు కలిస్తే రాముడతడు. అతుకు దగ్గర ఒక ఉకారం పోయింది. చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టు లాంటిదే అది.

మేము, మనం: హిందీలో రెండింటికీ హమ్ ఒక్కటే. తెలుగులో వేరు. మేము అంటే వినేవాళ్ళు అందులో లేరు. మనం అంటే వినేవాళ్ళూ ఉన్నారు. గిన్నె అయ్యాక విశాఖకు రాసిన మొదటి ఉత్తరంలో ఒక అబ్బాయి “మేము గిన్నె చేశాం” అని రాశాడు. పక్కనున్న అమ్మాయి పెన్ను తీసుకుని మేము కొట్టేసి “మనం” అని దిద్దింది. మేము మార్కులు వేయని దిద్దుబాటు అది. కానీ ఆ ఏడాది మేము చూసిన దిద్దుబాట్లలో అదే సరైనది.

ఆలోచించండి, చేయండి

1. నీళ్ళ కూజాకు చెక్క మూత అతికించాలి. తెల్ల జిగురు, ఎపాక్సీ, మైదా బంకల్లో ఏది ఎంచుకుంటారు? ఎందుకు?

2. మీరు ఇప్పుడున్న ఊళ్ళో వడ్రంగి ఏ జిగురు వాడుతున్నారు? లేత్‌ను, చిత్రికను ఆ ఊరి భాషలో ఏమంటారు? అడిగి రాయండి.

3. నిమిషానికి 900 చుట్లు తిరిగే చదరపు దిమ్మ మూలలు సెకనుకు ఎన్నిసార్లు ఉలికి తగులుతాయి?

4. రెండు చిన్న చెక్కముక్కల్ని అతికించి, ఒక రోజు ఆగి, పెద్దవాళ్ళ సమక్షంలో విరగ్గొట్టి చూడండి. చెక్క చిరిగిందా, జిగురు వదిలిందా?

5. “మేము”, “మనం” వాడి మీ పాత బడి స్నేహితులకు ఐదు వాక్యాల ఉత్తరం రాయండి. లేత్ దగ్గరకు మాత్రం పెద్దవాళ్ళు లేకుండా ఎప్పుడూ వెళ్ళకండి.